టీచరుగారి పదివేల అడుగులు

బరంపురంలో కండలు పెంచడం ఎవరికీ వింత కాదు. ఈ ఊరి వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన నాటి నుంచి, ప్రతి వీధిలోనూ ఒక కుర్రాడు చొక్కా చేతులు మడిచి తిరుగుతున్నాడు. వింతల్లా వ్యాయామం నేర్పే నాలాంటివాడికి డబ్బులివ్వడమే. "చెమట పట్టించడానికి నెలకింత అని పుచ్చుకుంటావా? మే నెలలో మాకు ఊరికే పడుతుంది కదయ్యా" అని పట్టుచీరల వ్యాపారి ఒకాయన నన్ను నిలదీశాడు. ఆయన పొద్దుట బాసింపట్టు వేసుకుని పరుపు మీద కూర్చుంటే రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు ఇద్దరు గుమాస్తాలు పట్టి లేపాలి. ఇప్పుడు నేలకు చెయ్యి ఆనించకుండా లేస్తున్నాడు. లేచిన ప్రతిసారీ దుకాణంలో ఉన్నవాళ్లందరి వంకా ఒకసారి చూస్తాడు. ఆ చూపు కోసమే నేను ఈ పనిలో ఉన్నాను, జీతం సంగతి తర్వాత.

మా అమ్మకు మాత్రం ఈ ఉద్యోగం చుట్టాలకు చెప్పుకోవడం కష్టంగా ఉంది. ఇచ్ఛాపురం నుంచి, సోంపేట నుంచి సంబంధాలు వస్తాయి. అబ్బాయి ఏం చేస్తాడని అడగగానే ఆవిడ కోడి రామమూర్తి నాయుడుగారితో మొదలుపెడుతుంది. వీరఘట్టంలో పుట్టి, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, చివరికి 1942లో ఈ ఒడిశాలోనే కన్నుమూసిన మహానుభావుడు. "మావాడిదీ ఆ వృత్తేనండీ" అంటుంది. "అయితే ఏనుగును మోస్తాడా?" అని పెళ్లివారు. "మోయడండీ, మోసేవాళ్లకు నేర్పుతాడు." సంబంధం అక్కడే ఆగిపోతుంది.

ఇక టీచరుగారి సంగతి. మూడో తరగతిలో నాకు తెలుగు చెప్పిన మనిషి. ఎక్కాలు రాకపోతే గుంజీలు తీయించడం పక్క తరగతి మాస్టారి పద్ధతైతే, పద్యం రాకపోతే తీయించడం ఈవిడ పద్ధతి. నా తొడల్లో ఈరోజున ఉన్న బలానికి పునాది వేమనే. రిటైరయ్యాక చక్కెర పెరిగింది, మోకాళ్లు మొరాయించాయి. హైదరాబాదులో ఉన్న కూతురు ఫోనులో నన్ను కుదిర్చింది. మొదటి రోజు, కాళ్లు ఎడంగా పెట్టి, నడుము నిటారుగా ఉంచి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు వంగి లేవాలని చూపించాను.

"ఇవి గుంజీలు కావట్రా?"

"కావండీ, స్క్వాట్లు."

"చెవులు వదిలేస్తే పేరు మారిపోతుందా? ముప్ఫయ్యేళ్లు వేయించినదాన్ని, ఇప్పుడు నా చేతే వేయిస్తావా?"

వేయించాను. అయితే ఆవిడ మడమలు పైకి లేచేవి, వీపు విల్లులా వంగేది. సరిచేయబోతే "నువ్వు ఛందస్సు నేర్చుకున్నట్టే నేనూ ఇది నేర్చుకుంటాను" అనేవారు. నాకు ఛందస్సు ఎన్నడూ రాలేదు.

పైగా కూతురు రోజుకు పదివేల అడుగులు నడవాలని షరతు పెట్టింది. ఆ పదివేల లెక్క 1965 ప్రాంతంలో జపాను కంపెనీ ఒకటి అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి తెచ్చినదే తప్ప వైద్యులు తేల్చినది కాదని, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచి, రెండు రోజులు కండరాలకు పని చెబితే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సంతోషిస్తుందని ఆ అమ్మాయికి చెప్పి చూశాను. వినలేదు. రాత్రి కాగానే అడుగుల లెక్క ఫోనులో తనకు చేరాల్సిందే.

లెక్క చేరేది. ఒక రోజు పదకొండు వేలు, మరో రోజు పన్నెండు వేలు. కూతురు పొంగిపోయేది. బరువు తూచే యంత్రం మాత్రం పొంగేది కాదు, తగ్గేదీ కాదు. చెప్పుల అడుగులు చూద్దును కదా, కొన్ననాటి గీతలు అలాగే ఉన్నాయి.

అనుమానం తీర్చుకోవడానికి ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్లాను. హాల్లో ఉయ్యాల బల్ల ఊగుతోంది. దాని మీద టీచరుగారు చింతపండు గింజలు తీస్తున్నారు. ఉయ్యాల గొలుసుకు జడ రిబ్బనుతో కట్టిన ఫోను, ఊగే ప్రతి ఊపునూ ఒక అడుగని నమ్మి, భక్తిగా లెక్కపెట్టుకుంటోంది.

"ఇదేమిటండీ?"

"కాలితో నేలను తంతున్నాను కదా, అదీ వ్యాయామమే."

"మధ్యలో నేనూ ఊపుతున్నాను, అందులో నా కష్టం కూడా ఉంది బాబూ" అన్నారు వాళ్లాయన, వాటా పోతుందేమోనన్నట్టు.

ఇందులో మోకాళ్లకు అందే లాభం సున్న అన్నాను. టీచరుగారికి రోషం వచ్చింది. పళ్లెంతో సహా దిగి, "కూర్చుని తన్ని చూడరా, అప్పుడు తెలుస్తుంది ఎంత లాభమో" అన్నారు. మూడో తరగతిలో ఆ గొంతుకు ఎదురు చెప్పలేదు, ఇప్పుడు మాత్రం ఎలా చెబుతాను? కూర్చుని గట్టిగా తన్నాను. ఆ ఇంటి అత్తగారి కాలం నాటి దూలంలోంచి కొక్కెం ఊడి వచ్చింది. బల్ల ఒక వైపు, నేను ఒక వైపు, చింతగింజలు అన్ని వైపులా. ఫోను ఆ పతనాన్ని కూడా రెండడుగులుగా రాసుకుంది.

వాళ్లాయన పరుగున వచ్చి నా చంకల కింద చేతులు వేసి వంగారు.

"ఆగండి! నడుము వంచకండి, మోకాళ్లు వంచండి!" అని కేక. అది నా మాటే, నా గొంతు మాత్రం కాదు. టీచరుగారు ఆయన్ను పక్కకు జరిపి, కాళ్లు ఎడంగా పెట్టి, వీపు నిటారుగా ఉంచి, కూర్చున్నట్టే కిందికి దిగి నన్ను పట్టుకున్నారు. తుంటి భగ్గుమంటోంది. అయినా నా కళ్లు ఆవిడ మడమల మీదే ఉన్నాయి. నేలకు అంటుకుని ఉన్నాయి! లేచేటప్పుడు ఊపిరి కూడా చెప్పినట్టే వదిలారు. ఎనభై కిలోల మనిషిని లేపారు (సగం నేనే లేచాననుకోండి). అరుగు మీద కూర్చోబెడితే నొప్పికి మూలుగుతూనే "ఇంకొక్కసారి చేసి చూపించండి" అన్నాను. మెదడుకు దెబ్బ తగిలిందేమోనని వాళ్లాయన భయపడ్డారు.

ఈ చప్పుడుకు ఎదురింటావిడ వచ్చింది. జరిగినదంతా విని, "పడినవాళ్లను లేపడం నేర్పుతారా? మొన్న మా అత్తగారు స్నానాల గదిలో జారితే నలుగురం కావలసివచ్చింది" అంది. ఫీజు చెప్పబోతున్నాను.

"ఫీజు తర్వాత. ముందు ఆ గోడకు వీపు ఆనించి గోడకుర్చీ వెయ్యమ్మా" అన్నారు టీచరుగారు. ఎదురింటావిడ మారు మాట్లాడకుండా వేసింది. ఆవిడ దగ్గర వచ్చే ఫీజులో సగం తనకు చేరాలని, కొక్కెం ఖర్చు మాత్రం నా సగంలోంచే పోవాలని నా తుంటికి మందు రాస్తూనే తేల్చేశారు.