సొమ్ము అణుభారానిది, సోకు సైడ్‌ చెయిన్‌ది

పాలిఫ్లోరీన్ అనే పాలిమర్ గొలుసుకి పక్కన హెక్సైల్ (ఆరు కార్బన్ల తోక, అదే సైడ్‌ చెయిన్) తగిలిస్తే ద్రవ స్ఫటిక దశ (ద్రవంలా పారుతూనే అణువులు వరస తప్పని స్థితి) అంతంతమాత్రం. ఎనిమిది కార్బన్ల ఆక్టైల్ తగిలిస్తే నెమాటిక్ దశ (అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండే ద్రవ స్ఫటికం) విశాలంగా విచ్చుకుంది. ఇంకేముంది, రెండు కార్బన్ల మహిమ మీద పేపరు సిద్ధం! రెండు నమూనాల అణుభారాలు ఎంతండీ అని అడగడం మాత్రం అమర్యాద. ఒకటి 9 వేలు, రెండోది 45 వేలు అయినా "పోల్చదగినవే" అనేసి ముందుకు సాగిపోతారు.

అసలు జరిగేది ఇది. మోనోమర్లనే చిన్న అణువుల్ని గొలుసుగా కలిపే సుజుకి కప్లింగ్ చర్యలో పొట్టి సైడ్‌ చెయిన్ ఉన్న పాలిమర్ టొలుయీన్‌లో నిలవలేక తొందరగా అడుగుకు దిగుతుంది. ఎదుగుదల అక్కడితో సరి. ఆక్టైల్ ఉన్నది కరిగే ఉండి పెరుగుతూ పోతుంది. వెన్నెముక (పాలిమర్ ప్రధాన గొలుసు) పొడుగైన కొద్దీ నెమాటిక్ దశ చెదిరే ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఒక హద్దు దాటాక పెరగడం మానేస్తుంది. ఆక్టైల్ చేసిన ఘనకార్యం కరగడమే, మిగతాదంతా పొడవు పని. పైగా రెండు మోనోమర్ల నిష్పత్తి 5 శాతం తప్పితే, చర్య పూర్తిగా జరిగినా గొలుసుకు సగటున 39 యూనిట్లే. అది కూడా సైడ్‌ చెయిన్ లీలేనా? త్రాసు లీల!

ఇక మైక్రోస్కోపు ఘట్టం. అడ్డంగా నిలిపిన రెండు పోలరైజర్ల మధ్య, గది ఉష్ణోగ్రతలో, ఎండిన పొర మెరిసింది. నెమాటిక్ అని ప్రకటన! ఫొటో! బాణం గుర్తు! రంగు పెంచిన ఇంకో ఫొటో! అయ్యా, సాగదీసిన ప్లాస్టిక్ సంచీ కూడా అక్కడ మెరుస్తుంది. దానికీ ఒక పేపరు రాయకపోయారా? డయాక్టైల్ పాలిఫ్లోరీన్‌నైతే (ఆ ఆక్టైల్ పాలిమర్‌నే) సుమారు 160 డిగ్రీలు దాటించి, కవర్‌స్లిప్‌ని సూదితో నొక్కాలి. మెరుస్తూనే పారితే ద్రవ స్ఫటికం, పొడిపొడిగా విరిగితే స్ఫటికం. వేడి చేస్తూ దశ మార్పుల్ని కొలిచే డీఎస్‌సీలో మొదటి వేడి కాదు, రెండో వేడి చూపించాలి. మొదటిదాంట్లో మిగిలిపోయిన ద్రావణి, పాత చరిత్ర అన్నీ కలిసి ఉంటాయి.

ఇది నవ్వులాట కాదు. ఈ రాత నమ్మి ఎక్కడో ఒక విద్యార్థి, తన ఆక్టైల్‌లో ఆ దశ కనిపించక, మోనోమర్‌లో మలినం ఉందనుకుని మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తూ ఏళ్లు తగలేస్తున్నాడు. అణుభారం దాచినవాళ్లకు సిగ్గుండాలి. చూసీ చూడనట్టు వదిలేసిన సమీక్షకులకు ఇంకా ఎక్కువ ఉండాలి!

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ద్రావణులతో కడిగి భాగాలు వేరుచేసే సాక్స్‌లెట్‌లో మెథనాల్, అసిటోన్, హెక్సేన్, క్లోరోఫాం వరసగా నడిపి, యూనిట్ల సంఖ్య దగ్గరగా ఉన్న భాగాలనే పోల్చాలి. అప్పటికీ తేడా మిగిలితే అది నిజమైనది. ఆక్టైల్‌కి వచ్చే బీటా దశ (వెన్నెముక చదునుగా పడుకున్న అమరిక) ఇథైల్‌హెక్సైల్ అనే కొమ్మ ఉన్న సైడ్‌ చెయిన్‌కి రాదు, ఎందుకంటే కొమ్మ వెన్నెముకను చదునుగా పడుకోనివ్వదు. ఇలాంటివి రాయండి, చదువుతాం. అణుభారం కొలిచే జీపీసీ సంఖ్య పాలిస్టైరీన్‌ని ప్రమాణంగా పెట్టి తీసిందైతే, బిగుసుకున్న ఈ గొలుసులకు అసలు కంటే రెట్టింపు కూడా చూపిస్తుంది. ఆ ఒక్క ముక్క పట్టిక కింద రాయడానికి చెయ్యి రాదెందుకో.