ఫీలర్ గేజ్‌తో ప్రైమర్ డబ్బా మూత లేపిన మహానుభావుడికి

పొద్దున్నే షెడ్డుకెళ్లి టూల్ బాక్స్ తెరిచాను. బ్లేడుల మధ్య సందు కొలవడానికి వాడే సన్నటి రేకుల కట్టే ఫీలర్ గేజ్. ఫీలర్ గేజ్‌లో 0.30 ఎంఎం రేకు కొస వంకర తిరిగి ఉంది. దానికి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అంటుకుని ఎండిపోయింది. రాత్రి షిఫ్టులో ఎవడో దాంతో ప్రైమర్ డబ్బా మూత లేపాడన్నమాట. ఎవడో కూడా తెలిసింది. అడిగితే "రేకుముక్కే కదన్నా, ఇంకోటి కోసిస్తాలే" అన్నాడు. కోసిస్తాడట! మిల్లీమీటరులో వందో వంతు లెక్క చూసే రేకుని ఇనుప షీట్లు కోసే నా షేరింగ్ మిషన్ మీద కోసిస్తాడట!

విజయవాడ ఆటోనగర్‌లో పదహారేళ్లుగా ఈ మిషన్ మీదే ఉన్నాను. ఇన్నేళ్లలో "గ్యాప్ ఎంత పెట్టావు?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. షీటు కోసిన అంచున బర్, అంటే గరుకు ముళ్లు, వచ్చినప్పుడు మాత్రం అందరికీ నా పేరు గుర్తొస్తుంది.

పై బ్లేడుకీ కింది బ్లేడుకీ మధ్య ఉండే సందు షీటు మందాన్ని బట్టి మారాలి. ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్ షీటుకైతే మందంలో 5 నుంచి 10 శాతం. 2 ఎంఎం షీటుకి నేను 0.15 పెడతాను, 6 ఎంఎం ప్లేటుకి 0.40. ప్లేటుకి పెట్టిన గ్యాప్‌తోనే పల్చటి షీటు తోశారంటే అది తెగదు, సందులోకి మడతపడి చిరిగినట్టు వస్తుంది. పల్చటి షీటు గ్యాప్‌తో 6 ఎంఎం కొడితే మిషన్ మూలుగుతుంది, బ్లేడు అంచు పెచ్చులు లేస్తుంది. ఒక్క చోట చూస్తే చాలదు. రెండు కొసల్లోనూ, నడుమనా రేకు పెట్టి చూడాలి. దీనికి పది నిమిషాలు కావాలి. మా సూపర్‌వైజర్ గారి దగ్గర ఆ పది నిమిషాలు ఉండవు. సెల్ ఫోన్లో క్రికెట్ స్కోరు చూడ్డానికి ఉంటాయి.

మా నాన్న దర్జీ. ఆయన కత్తెర ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మా అక్క దాంతో పుస్తకాల అట్టలు కోసిందని ఆ రాత్రి అన్నం తినలేదాయన. కత్తెర నడుమ రివెట్ వదులైతే గుడ్డ తెగకుండా రెండు రెక్కల మధ్య నలిగిపోతుందని చెప్పి, రాయి మీద సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు వేసి బిగించేవాడు. మాది అంతకన్నా పెద్ద విద్యేం కాదు. అదే కత్తెర, కాకపోతే ఎనిమిదడుగుల పొడవు.

ఇక మా వాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే. బర్ వస్తోందా? "గ్యాప్ టైట్ చెయ్." షీటు మెలి తిరుగుతోందా? "గ్యాప్ టైట్ చెయ్." జీతం లేటయిందని అడిగినా అదే అంటారేమో! అయ్యా, అంచు మొద్దుబారిపోయాక గ్యాప్ ఎంత పెట్టినా బర్ వస్తుంది. పైగా పోయిన నెల ఎవడో వెల్డింగ్ పూస ఉన్న ముక్కని అలాగే పెట్టి కొట్టేశాడు. కింది బ్లేడు అంచు గోరంత లేచిపోయింది. అప్పట్నుంచి ఏ షీటు కోసినా అదే చోట ఎలక కొరికినట్టు చిన్న పన్ను. షీటు కోయించుకునే పార్టీ వచ్చి దాని మీద వేలు పెట్టి నా మొహం చూస్తాడు. వెల్డింగ్ పూస మొహం ఎవరూ చూడరు.

ఆ బ్లేడుకి నాలుగు అంచులు. ఒకటి పోతే తిప్పి ఇంకోటి వాడుకోవచ్చు. కానీ ఒక్కో బ్లేడు ముప్పై కేజీల పైనే, ఇద్దరు పట్టాలి. మెయిన్ ఆపి, ఫ్యూజు నా జేబులో వేసుకుని, పై బీము కింద దిమ్మ పెట్టాకే నేను బోల్టు ముట్టుకుంటాను. "అంత భయమైతే ఎలా, ఐదు నిమిషాల్లో తిప్పెయ్" అంటాడు సూపర్‌వైజర్. వేళ్లు నావి కదా సార్.

ఒకసారైతే సాన ఖర్చు ఎందుకని బ్లేడుని చేతి గ్రైండరుతో రుద్దించారు. అంచంతా నెమలి మెడలా నీలం తిరిగింది. నీలం తిరిగిందంటే పదును కాదు, గట్టిదనం చచ్చిపోయినట్టు. నీళ్లు పోస్తూ సర్ఫేస్ గ్రైండర్ మీద పట్టాల్సిన సాన అది. వారానికే మైనం ముద్దయింది.

ఇవన్నీ ఒకెత్తు, రెండేళ్ల కిందటి సంగతి ఒకెత్తు. మూడు నెలలు మొత్తుకున్నాను, అంచు పోయింది, తిప్పుదామని. "నీకు పని ఎగ్గొట్టాలని" అన్నారు. తర్వాత హైదరాబాద్ నుంచి ఓ ఇంజనీర్ని పిలిపించారు. ఏసీ బస్సు, లాడ్జి, ఫీజు. ఆయన వచ్చి గోటితో అంచు తడిమి "ఎడ్జ్ పోయింది, తిప్పించండి" అన్నాడు. బోల్టులు విప్పింది నేను. బ్లేడు ఎత్తింది నేనూ హెల్పరూ. బ్లేడు కూర్చునే సీటు మీద జిడ్డు తుడిచింది నేను. ఫీలర్ గేజ్ ఉందా అని ఆయన అడిగితే ఇచ్చింది నేను. అవును, ఇదే గేజ్! ఆయన రెండు టీలు తాగాడు. ఓనరు గారు ఆయనకి కవరిచ్చి పంపి, నా వైపు తిరిగి "చూశావా, చదువుకున్నవాడి పనితనం!" అన్నారు.

దసరాకి మాత్రం లోటు రానివ్వరు. మిషన్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయలు, ఫోటోలు. ఆ కుంకుమ బ్లేడు సందుల్లోంచి గీకేది ఎవరు? మర్నాడు డబ్బాలో గ్రీజు లేదంటే "వచ్చే వారం చూద్దాం."

సాయంత్రం నా డబ్బుతోనే కొత్త గేజ్ కొన్నాను. బిల్లు ఆఫీసులో ఇస్తే వోచర్ నింపమన్నారు. అందులో "ఎందు నిమిత్తం" అని ఒక గడి ఉంది. "ప్రైమర్ డబ్బా మూత తీయుటకు" అని రాసి సంతకం పెట్టి వచ్చాను.