ముళ్ల కళ్ళెం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ముళ్ల కళ్ళెం గారికి,

నమస్కారాలండి. ముహూర్తాలు మొదలైతే రాజమండ్రి నుంచి అమలాపురం దాకా తమరికి ఊపిరి సలపదు. ముందు బ్యాండు, వెనక డీజే, మధ్యలో గుర్రం మీద పెళ్లికొడుకు, గుర్రం నోట్లో తమరు. కుచ్చులూ పూసలూ ఊరందరికీ కనబడతాయి గానీ, పెదవి పక్కకి తొలగిస్తే తప్ప తమరి మొనలు కనబడవు. ఎంత నిరాడంబరులండీ!

"నేను లేకపోతే గుర్రం ఆగదు" అని కదా తమరి ప్రచారం. నొప్పి పుడితే పారిపోవడం గుర్రం నైజం. పగ్గం బిగించినకొద్దీ తల ఎగరేస్తుంది, నోరు తెరుస్తుంది, వెనక్కి నడుస్తుంది, చివరికి ముంగాళ్ళు లేపుతుంది. మన జనం దాన్నే డాన్సనుకుని ఈలలేస్తారు.

తమరు కూర్చునే చోటు సంగతి చెబుతాం. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. అక్కడ ఎముక అంచు మీద పలచని చిగురు తప్ప ఇంకేం లేదు. పైన నాలుక, ఆపైన అంగిలి. కొన్ని గుర్రాలకి మొదటి దవడ పన్ను ముందు ఒక చిట్టి పన్ను కూడా మొలుస్తుంది. కళ్ళెంలో నోటికి అడ్డంగా ఉండే కడ్డీ దానికి తగిలిందా, ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకే కళ్ళెం కొనేముందు పశువుల డాక్టరుకి నోరు చూపించాలి. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలు కోస్తుంటే ఏ కళ్ళెం పెట్టినా తల విదిలిస్తుంది, ఆ నింద కళ్ళెం మీద పడుతుంది.

తరవాత కొలత. పురికొసకి ముడేసి, ఒక పక్క పెదవి మూలకి ఆనించి, నోట్లోంచి తీసి రెండో మూల దగ్గర పట్టుకుంటే చాలు. దానికి పక్కకి పావంగుళం కలపాలి. నాలుగున్నర వస్తే ఐదంగుళాల కడ్డీ అన్నమాట. అతుకున్న కడ్డీని చాచిపెట్టి, రెండు చివర్లా ఉండే రింగులు వదిలేసి కొలవాలి. పొట్టిదైతే రింగులు బుగ్గని నొక్కుతాయి. పొడుగైతే అటూ ఇటూ జారి అతుకు ఓ పక్కకి పోతుంది.

లావు కడ్డీ మెత్తన అనే మాట సగమే నిజం. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల మూతి సన్నం. నాలుక దళసరైతే లావు కడ్డీతో నోరే మూతపడదు. రింగుకి అంగుళం ఇవతల 14 నుంచి 16 మిల్లీమీటర్లుంటే చాలావాటికి సరి. ఒక్క అతుకున్నది లాగితే మడతపడి రెండు పక్కలా ఎముకని నొక్కుతుంది, అంగిలి కిందకుంటే అక్కడా పొడుస్తుంది. రెండు అతుకులు, మధ్యలో నున్నటి చిన్న బిళ్ళ ఉన్నది నాలుక మీద సర్దుకుంటుంది. రింగు తిరిగే బెజ్జం అరిగితే పెదవి మూల ఇరుక్కుంటుంది, బెజ్జంలో తిరగని బిగింపు రింగుతో ఆ బాధ లేదు. కళ్ళేన్ని తలకి పట్టి ఉంచే తోలుపట్టీ మాత్రం పెదవి మూల ఒకటో రెండో ముడతలు పడేలా సర్దాలి. జారిందా, మగ గుర్రానికి కోరపళ్ళకి తగులుతుంది, నాలుక కడ్డీ పైకెక్కుతుంది.

కోనసీమ ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు, పూత లేస్తే బ్లేడే. స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. దించగానే మంచినీళ్ళతో కడిగి, వేలితో తడిమి గరుకు చూసుకోవాలి.

ఇంతకీ తమరి ఉద్యోగం ఎప్పుడో పోయిందండోయ్! బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో చేసిన నియమాల్లో ఎనిమిదోది ముళ్ళూ బుడిపెలూ ఉన్న కళ్ళేల్ని నిషేధించింది. ఆ కబురు తమరికింకా అందినట్టు లేదు.

మొనలు ఆకురాయితో అరగదీసి తమర్ని మళ్ళీ పనిలో పెడదామనే దయామయులూ ఉన్నారు. వద్దండి, గరుకు మిగిలిపోతుంది. పాత ఇనుప సామాన్ల బండి వీధిలోకి వస్తూనే ఉంటుంది, కిలో లెక్కన తీసుకుంటాడు.

ఇట్లు,
గుర్రం నోరు తెరిచి చూసే అలవాటున్నవాళ్ళు