ముందు బల్ల, తర్వాతే బీరు

జర్మనీలోని మ్యూనిక్ నగరపు బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్‌ను అక్టోబరులో చూడాలనుకునే అమాయకులకు ముందుగా ఒక మనవి. ఆ పండగ మొదలయ్యేది సెప్టెంబరులో. అక్టోబరు మొదటి వారానికి సర్దేస్తారు. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు తెరేసాతో పెళ్లయింది కాబట్టి పేరు అక్టోబరుది. చలి ముదరకముందే తాగాలి కాబట్టి పని సెప్టెంబరుది. పేరును నమ్మి పదిహేనో తేదీన మ్యూనిక్‌లో దిగినవాడికి తెరేసియన్‌వీజె మైదానంలో టెంట్లు విప్పే కూలీలు కనిపిస్తారు. వాళ్లు మర్యాదస్తులే గానీ బీరు పొయ్యరు.

తేదీ కుదిరిందనుకుందాం. జనం అక్కడికి తాగడానికి వెళ్తారన్నది రెండో భ్రమ. వాళ్లు వెళ్లేది కూర్చోవడానికి. ప్రవేశానికి టికెట్టు లేదు, కానీ బీరు పోసే పెద్ద టెంట్లలో దాదాపు అన్నింటా సీటు లేనివాడికి బీరు లేదు. జేబునిండా యూరోలున్నా సరే, నిలబడ్డవాడు వడ్డించేవాళ్ల కంటికి ఆనడు. పెళ్లి భోజనాల్లో బంతి లేచేదాకా కుర్చీ వెనకాల కాపు కాసిన విద్య మనవాళ్లకు ఇక్కడ అక్కరకొస్తుంది. ముందే బుక్ చేద్దామంటే ఒకటీ అరా సీట్లు ఇవ్వరు, మొత్తం బల్లే తీసుకోవాలి. అంటే ఎనిమిది, పదిమంది లెక్క. బల్లకు అద్దె ఉండదు, అది వాళ్ల పెద్దమనసు. మనిషికి రెండు లీటర్ల బీరు, కాల్చిన సగం కోడి చొప్పున కూపన్లు మాత్రం ముందే కొనాలి. ఇంత రాజకీయం వద్దనుకుంటే మామూలు పనిరోజున పొద్దున పదింటికి వెళ్లండి, బుకింగ్ లేని బల్లలు దొరుకుతాయి. శనివారం మధ్యాహ్నం వెళ్లి మూసిన తలుపు ముందు ఫొటో దిగడం కూడా ఒక పద్ధతే.

మొదటి రోజు మరీ నిష్ఠ. పొద్దున్నే బల్ల పట్టుకున్న భక్తులు పన్నెండు దాకా బీరు చుక్క లేకుండా కూర్చుంటారు. షాటెన్‌హామెల్ టెంటులో నగర మేయరు సుత్తితో పీపాకు కుళాయి దిగ్గొట్టి ‘ఓ త్సాప్ఫ్ట్ ఇస్’ (కుళాయి దిగింది) అని కేక వేశాకే ఎవరికైనా పోస్తారు. ఆయన ఎన్ని దెబ్బలకు దిగ్గొట్టాడన్నది అక్కడ పెద్ద వార్త. పరిపాలన దక్షతను ఇంత సూటిగా కొలిచే ఊరు మరొకటి ఉండకపోవచ్చు.

ఇక కొలత సంగతి. అక్కడి గ్లాసు పేరు ‘మాస్’. ఈలలు వేయకండి, వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం కొలత, అనగా ఒక లీటరు. 2025లో దాని ధర 14.50 యూరోల నుంచి 15.80 దాకా ఉంది. గ్లాసు మీద లీటరు గీత ఉంటుంది. పర్యాటకుడు పైనున్న నురగను ఫొటో తీస్తాడు, తెలిసినవాడు నురగ దిగేదాకా ఆగి గీతను చూస్తాడు. తక్కువైతే గుటక వేయకముందే అడిగి నింపించుకోవాలి, వేశాక వాదన చెల్లదు. పూర్వం మట్టి మగ్గుల్లో పోసేవారు, లోపల ఎంత ఉందో దేవుడికే తెలియాలి. మోసపు పోతకు వ్యతిరేకంగా 1899లోనే మ్యూనిక్‌లో ఒక సంఘం పుట్టింది. పెట్రోలు బంకులో సున్నా చూసుకునే జాతికి ఈ సంఘం మీద గౌరవం కలగాలి.

ఖాళీ గ్లాసే కిలో పైచిలుకు. చిటికెన వేలు చాపి పట్టుకునే సుకుమారం పనికిరాదు, పిడిలోంచి అరచెయ్యి దూర్చి పట్టాలి. ‘ప్రోస్ట్’ (మన ‘చీర్స్’) అన్నప్పుడు అడుగున మందంగా ఉన్న చోట తాకించాలి, కళ్లలోకి చూడాలి. అంచులు తాకిస్తే గాజు పెంకులు. బీరు రంగు లేత బంగారం, రుచి కాస్త తియ్యన, మత్తు మాత్రం ఆరు శాతం. ఖాళీ కడుపుతో రెండో లీటరుకు వెళ్లినవాడు మూడోది అడగడు, అతన్ని స్ట్రెచర్ అడుగుతుంది. బెంచీ ఎక్కి పాడవచ్చు, బల్ల ఎక్కితే గెంటేస్తారు. రెంటికీ తేడా ఒకటిన్నర అడుగు కూడా లేదు, అయినా నాగరికత అక్కడే ఉందట. గ్లాసును సంచిలో వేసుకోవడం జ్ఞాపిక కాదు, దొంగతనం. గేటు దగ్గర కాపలావాళ్లు వెనక్కి లాక్కున్న గ్లాసులు లక్ష దాటిన ఏళ్లున్నాయి. అసలు మూడు లీటర్లకు మించిన సంచిని లోపలికే రానివ్వరు.

ఈ హింస పడలేనివారికి పండగతో పని లేని బీరు తోటలున్నాయి. 1812లో రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ బీరు కాచేవాళ్లను తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోనిచ్చాడు గానీ భోజనం పెట్టనివ్వలేదు, పూటకూళ్లవాళ్లు గొడవ చేస్తారని. దాంతో జనం తిండి మూట కట్టుకొచ్చారు. ఆ హక్కు నేటికీ చెల్లుతుంది. అంటే చెస్ట్‌నట్ చెట్టు కింద పులిహోర డబ్బా మూత తీయడం బవేరియా సంప్రదాయమే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. షరతులు రెండే: గుడ్డ పరిచిన బల్ల జోలికి పోకూడదు, తాగేది అక్కడే కొనాలి.

చివరగా, 1589లో పుట్టిన మ్యూనిక్ బీరుశాల హోఫ్‌బ్రాయ్‌హౌస్. అక్కడ ఖాళీగా కనిపించిన బల్ల మీద ‘ష్టామ్‌టిష్’ అన్న పలక ఉంటే అది ఖాళీ కాదు, ఏళ్ల తరబడి అదే చోట కూర్చునే ఖాతాదారులది. వాళ్ల సొంత మగ్గులు పక్కనే ఇనుప అరల్లో తాళం వేసి ఉంటాయి. పలక చదవలేక కూర్చున్నవాడిని ఒక్కోసారి ఎవరూ వెంటనే లేపరు. తాళంచెవి పట్టుకుని ఒక ముసలాయన వచ్చి పక్కన నిలబడతాడు, అంతే.