సముద్రం పక్కనుంటే అక్వేరియం షాపు అక్కర్లేదా? ఆ మెసేజ్‌లో ఏది తప్పో చూడండి

"మైపాడు బీచ్ పక్కనే పెట్టుకుని ఉప్పు ప్యాకెట్ కోసం అక్వేరియం షాపుకు పోతారా?" అంటూ మొదలయ్యే మెసేజ్ ఒకటి నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. పగడాలూ సముద్రపు చేపలూ పెంచే రీఫ్ ట్యాంకుకు నీళ్లూ ఇసుకా బీచ్ నుంచి తెచ్చుకోండి, ఉప్పదనం తగ్గితే కల్లుప్పు కలపండి, పగడపు రాళ్లు జాలర్లనడిగితే ఇస్తారు, మందులు రొయ్యల మందుల షాపులో దొరుకుతాయి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీన్ దండగ, చేపల్ని అదే రోజు వదిలేయొచ్చు. అందులో ఉన్నది ఇంతే. చదవడానికి బాగానే ఉంటుంది, కానీ దాన్ని నమ్మి చేస్తే ట్యాంకులో పడ్డ ప్రాణులు చచ్చిపోతాయి. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని జవాబు రాస్తున్నా.

ముందు కల్లుప్పు సంగతి, ఎందుకంటే అన్నింటికన్నా ఎక్కువ మంది నమ్ముతున్నది ఇదే. "సముద్రం నీళ్లు ఎండబెడితేనే కదా ఉప్పు, దాన్ని మళ్లీ నీళ్లలో కలిపితే సముద్రం నీళ్లే" అంటున్నారు. ఇస్కపల్లిలోనో చినగంజాంలోనో ఉప్పు కొఠార్లలో పనిచేసే వాళ్లనడగండి, కాదని వాళ్లే చెప్తారు. మడిలో నీళ్లు చిక్కబడే కొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్, ఆ తర్వాత జిప్సం అడుగున పడిపోతాయి. ఆ పైన తినే ఉప్పు గడ్డ కడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు చివర మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతాయి, ఆ నీళ్లను బయటికి వదిలేస్తారు. అంటే ఇంటికొచ్చే కల్లుప్పు దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. లీటరు సముద్రపు నీళ్లలో ఉండే సుమారు 35 గ్రాముల లవణాల్లో మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు ఉంటాయి. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది ఆ కాల్షియంతోనే, నీళ్లలో ఆ కాల్షియం నిలబడాలంటే మెగ్నీషియం ఉండాలి. రీఫ్ ట్యాంకులో కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ, అంటే నీళ్లలో కార్బొనేట్ల మోతాదు, 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర నిలపాలి. కల్లుప్పు నీళ్లలో సాలినిటీ (ఉప్పదనం) మీటరు లీటరుకు 35 గ్రాములని చూపించినా పగడానికి కావలసినవి అందులో ఉండవు. షాపులో అమ్మే రీఫ్ సాల్ట్‌లో ఇవన్నీ లెక్క ప్రకారం కలిపి ఉంటాయి, మీరు డబ్బు పెడుతున్నది దానికి.

ఇక బీచ్ నీళ్లు. సముద్రపు నీళ్లు అసలు పనికిరావని నేను అనడం లేదు, శుభ్రమైన చోట తీసి వడకట్టి పద్ధతిగా వాడితే బాగానే పనికొస్తాయి. కానీ మన తీరంలో ఒడ్డున నిలబడి క్యాన్ ముంచితే వచ్చేవి ఆ నీళ్లు కావు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, పెన్నా నీళ్లన్నీ సముద్రంలోకే పోతాయి. 2021 నవంబర్‌లో పెన్నా వరద ఎలా వచ్చిందో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ఒడ్డు దగ్గర సాలినిటీ పడిపోతుంది, నీళ్ల నిండా ఒండ్రు, ఊళ్ల మురుగు, పొలాల మందులు. రొయ్యల గుంటల నుంచి వదిలిన నీళ్లు కూడా కాలవల గుండా వచ్చి అందులోనే కలుస్తాయి. రొయ్య పిల్లల్ని తయారుచేసే మన హేచరీల వాళ్లు సముద్రం ఒడ్డునే ఉండి కూడా పచ్చి నీళ్లు ఆ పిల్లల ట్యాంకులో పోయరు. తేర్చి, ఇసుక ఫిల్టర్‌లో వడకట్టి, క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్ పోయాకే వాడతారు. దీంతోనే బతికేవాళ్లు అంత జాగ్రత్తపడుతుంటే, హాల్లో పెట్టుకునే ట్యాంకులో క్యాన్ నీళ్లు నేరుగా పోసేయమని ఎట్లా చెప్తారు?

ఇసుక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన ఇసుకలో ఎక్కువగా సిలికా ఉంటుంది, దానివల్ల చేపలు చావవు, కానీ షాపులో దొరికే ఆరగొనైట్ ఇసుకలా అది కాల్షియం కార్బొనేట్ కాదు, పైగా బీచ్‌లో పడేసిన చెత్త కూడా దాంతో పాటే ఇంటికొస్తుంది.

పగడపు రాళ్ల విషయం మాత్రం చాలా సీరియస్. నెల్లూరు, ప్రకాశం తీరంలో పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో ప్రధానంగా ఉన్నవి మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దగ్గరే. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, సముద్రపు గుర్రాలకు కూడా అదే ఏడాది రక్షణ వచ్చింది. వలలో పడిందని జాలరి అన్న ఊరికే ఇచ్చినా సరే, ఇంట్లో పెట్టుకుంటే జైలు శిక్ష పడే నేరం. షాపువాడు "చవగ్గా ఇస్తా, ఎవరికీ చెప్పొద్దు" అన్నా అంతే, అక్కడ కొనకుండా లేచి వచ్చేయండి. రాయి కావాలంటే సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన రీఫ్ రాక్ దొరుకుతుంది, ట్యాంకుకు కావలసిన బ్యాక్టీరియా దాని మీదా పెరుగుతుంది.

ఆ బ్యాక్టీరియా మాట వచ్చింది కాబట్టి "అదే రోజు చేపలు" సంగతి కూడా చెప్పేస్తా. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ, అది రాళ్ల మీదా ఇసుక మీదా అంటుకుని బతుకుతుంది. అది నిలదొక్కుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా క్లౌన్ చేపను తేకండి, అందం చూసి ఆగలేక తెచ్చి చంపుకున్న వాళ్లు ఎంతమందో.

రొయ్యల మందుల షాపులో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ దొరుకుతుంది, మంచిదే, తీసుకోండి. కానీ కాపర్ సల్ఫేట్ లాంటివి ట్యాంకు దరిదాపులకు రానివ్వొద్దు, రాగి పగడాలనూ నత్తలనూ చంపేస్తుంది. గుంటల కోసం చేసిన మినరల్ మిక్స్ ఎకరాల లెక్కన వేసేది, 200 లీటర్ల ట్యాంకుకు దాన్ని ఎలా కొలుస్తారు?

చిల్లర్ గురించి "సముద్రంలో ఏసీ ఉందా" అని అడిగారు. సముద్రానికి లోతుంది, పరిమాణముంది, మే నెల ఎండకు అది అంత త్వరగా వేడెక్కదు. నెల్లూరులో బయట 42 డిగ్రీలున్నప్పుడు గదిలో ఉన్న ట్యాంకు, పైన లైట్లు, లోపల పంపులు, ఆ నీళ్లు 31, 32కు పోవడం ఎంతసేపు? పగడాలకు 25, 26 దగ్గర హాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లో పగడాలు తెల్లబడిపోయింది నీళ్ల వేడి వల్లే. చిల్లర్ కొనలేకపోతే ఫ్యాన్ పెట్టండి, రెండు డిగ్రీలైనా తగ్గుతుంది, కానీ ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పు నీళ్లు కాదు.

చివరిగా ఖర్చు. 200 లీటర్లకు మొదట 7, 8 కిలోల సాల్ట్ కావాలి. ఆ తర్వాత వారానికి 20 లీటర్లు మార్చడానికి ముప్పావు కిలో చాలు. క్యాన్లేసుకుని ప్రతి వారం మైపాడు పోయొచ్చే పెట్రోలుతో పోల్చి చూడండి. మన ఊళ్లలో చాలా షాపులు గోల్డ్ ఫిష్, గప్పీల వ్యాపారమే చేస్తాయి, మెరైన్ సామాను అడిగితే తెప్పించిస్తామంటారు, లేదంటే చెన్నై కొళత్తూరు పోవాలి. ఎక్కడికి పోయినా సాల్ట్ ప్యాకెట్ చెమ్మ పట్టి గడ్డ కట్టిందేమో చేత్తో నొక్కి చూడండి, టెస్ట్ కిట్ మీద గడువు తేదీ చదవండి, చేప కొనేముందు "అన్నా, ఒకసారి మేత వెయ్యి" అని అడిగి అది తింటుందో లేదో కళ్లారా చూడండి. ఆ ట్యాంకులో రాగి మందు వాడుతున్నారా అని కూడా అడగండి, ఏం చెప్పినా సరే కవర్లో వచ్చిన నీళ్లు మాత్రం మీ ట్యాంకులో పోయకండి.