చూడి ఆవు కాలిపోతే లెక్క ఒకటా, రెండా?

మొన్న మా తెలుగు వాట్సాప్ గ్రూపులో, మంటల్లో పశువులు పోయినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వమిచ్చే సాయం గురించి డాలస్‌లో ఉండే ఒకాయన రాశారు, "వేల ఎకరాల రాంచ్‌లు ఉన్నవాళ్లకి మన ట్యాక్స్ డబ్బులు ఎందుకు పంచిపెట్టాలి" అని. కింద వరసగా బొటనవేళ్లు, చప్పట్లు. అక్కడ జవాబిస్తే అడ్మిన్‌గారు రాజకీయాలొద్దంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

నేనుండేది టెక్సాస్ ఉత్తర కొసన, పాన్‌హ్యాండిల్ అనే ప్రాంతంలోని అమరిల్లోలో. 2024 ఫిబ్రవరి 26న మా పాన్‌హ్యాండిల్‌లో రాజుకున్న స్మోక్‌హౌస్ క్రీక్ మంట 10 లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది, టెక్సాస్ చరిత్రలో అంతకంటే పెద్ద మంట లేదు. 7,000కు పైగా పశువులు పోయాయి. కొన్ని వారాల తర్వాత మా ఆఫీసులో పనిచేసే ఆవిడ హెంప్‌హిల్ కౌంటీలో ఉన్న వాళ్ల అన్నయ్య దగ్గరికి వెళ్తుంటే నేనూ వెళ్లాను. నేలంతా పెనం అడుగులా నల్లగా ఉంది. కంచె కర్రలు మొదలంటా కాలిపోయి తీగ నేలమీద పడుంది. ఒక ఆవు మామూలుగానే నిలబడి ఉంటే ఇది బతికిపోయింది కదా అన్నాను, ఆయన ఏమీ అనకుండా వంగి చూడమన్నాడు. పొదుగు కాలి పెచ్చు కట్టింది. దూడ పాలకొస్తే తన్నేస్తోంది, అది ఆకలికి అరుస్తోంది.

అసలు ఫిబ్రవరి, మార్చి అంటే అక్కడ చాలా మందల్లో ఈతల కాలం, కాలిపోయిన వాటిలో ఎన్నో చూడి ఆవులు. మన సంతలో చూడి ఆవుకీ వట్టిపోయిన ఆవుకీ ఒకే ధర చెప్పేవాడు ఉంటాడా? ఎన్నో నెలో అడిగి, డొక్క మీద చెయ్యేసి చూసి మరీ బేరమాడతారు. పశువులు చనిపోతే ఇక్కడి ప్రభుత్వం సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తుంది, కానీ అప్పట్లో కడుపులో దూడ లెక్కలోకే రాలేదు. 2025లో చట్టం మార్చి, 2024 మొదటి నుంచి పోయిన వాటికి కూడా కలిపారు. సంతోషమే. కానీ ఈ సంగతి తెలియడానికి వాషింగ్టన్‌కి ఇన్నేళ్లు కావాలా, పశువుల్ని సాకే ఏ ముసలమ్మని అడిగినా చెప్పేది కదా!

ఇక కంచె. మైలు కంచె వేయడానికి 10 వేల డాలర్ల పైమాటే. ప్రభుత్వం 75 శాతం దాకా భరిస్తుంది, అయితే మామూలు రూల్ ప్రకారం ముందు దరఖాస్తు పెట్టాలి, మనిషొచ్చి చూడాలి, అప్పుడే పని మొదలుపెట్టాలి. మిగిలిన ఆవులు హైవే ఎక్కుతుంటే ఎవడు ఆగుతాడండీ? ఈలోగా వేరే రాష్ట్రాల నుంచి ఎండుగడ్డి లారీలు వచ్చేశాయి, ముక్కూ మొహం తెలియని రైతులు పంపినవి, వాళ్లెవరూ ఫారం అడగలేదు.

గ్రూపులో ఆయన మాటలో నిజమే లేదనను. పశువుల నష్టానికిచ్చే ఆ పథకంలో ఒకరికి ఇంతకు మించి ఇవ్వకూడదన్న లిమిట్ లేదు, మంద పెద్దదైతే చెక్కూ పెద్దదే, అది నాకూ నచ్చదు. కానీ "భూస్వాములకి పంచుతున్నారు" అనడం మాత్రం తప్పు. భూమి లీజుదైనా సరే, పశువు ఎవరిదో డబ్బు వాళ్లకే వస్తుంది. మన దగ్గర 2018లో రైతుబంధు మొదలైతే డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, దున్నిన కౌలు రైతు చూస్తూ ఉండిపోయాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం వీళ్లే నయం.

చెక్ వచ్చాక మాత్రం? ఉన్న ఆడదూడని అమ్మకుండా ఉంచుకుంటే అది ఎదిగి, కట్టి, ఈనేసరికి రెండేళ్లు. అప్పటిదాకా బ్యాంకువాడు ఊరుకోడు.

డాలస్ నుంచి మా ఊరు ఐదారు గంటల డ్రైవ్. అన్నగారు ఎప్పుడైనా వస్తానంటే నేనే కారులో తీసుకెళ్తా, ఆ కంచె ఇంకా సగమే లేచింది.