పాడే ముందు గాయం చూపించాలా?

2011లో 'కొరియాస్ గాట్ టాలెంట్' వేదిక మీదికి చోయ్ సంగ్‌బాంగ్ అనే కుర్రాడు వచ్చాడు. వయసు 22, చేసేది కూలి పని అని చెప్పాడు. జడ్జిలు ఇంకాస్త అడిగారు. మూడేళ్లప్పుడు అనాథాశ్రమంలో వదిలేశారని, అక్కడి దెబ్బలు తట్టుకోలేక ఐదేళ్లకు పారిపోయానని, చూయింగ్ గమ్, ఎనర్జీ డ్రింకులు అమ్ముకుంటూ మెట్ల కింద, పబ్లిక్ టాయిలెట్లలో పదేళ్లు పడుకున్నానని తల దించుకుని చెప్పాడు. జడ్జిల్లో ఒకరు అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నారు. అతను ఇంకా పాట మొదలే పెట్టలేదు.

ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. కొద్ది రోజులకే ఇంకో సంగతి బయటపడింది. తాను ఆర్ట్స్ హైస్కూల్లో చదువుకున్నానని చోయ్ ఆ ఆడిషన్‌లోనే చెప్పాడు. ప్రసారంలో ఆ మాట లేదు, ఎడిటింగ్‌లో పోయింది. విమర్శలు రాగానే ఛానల్ వివరణ ఇచ్చుకుంది, ఉద్దేశపూర్వకంగా చేయలేదని చెప్పింది. ఉద్దేశం సంగతి పక్కన పెడదాం. తెర మీద మిగిలింది ఏమిటో చూడండి. దెబ్బలు మిగిలాయి, టాయిలెట్ గది మిగిలింది, ఆకలి మిగిలింది. బడి పోయింది. ఆ కుర్రాడి జీవితంలో అతను సొంతంగా కష్టపడి సంపాదించుకున్న ఒకే ఒక్క మంచి విషయాన్ని తీసేస్తే తప్ప, అతని కథ టీవీకి పనికొచ్చేంత పేదగా కనిపించలేదు.

కొరియా టాలెంట్ షోల గురించి మాట్లాడితే 'పేదలకు వేదిక ఇస్తున్నారు కదా' అంటారు. నేను ఒప్పుకోను. డబ్బున్నవాడు నేరుగా వేదిక ఎక్కి పాడతాడు. పేదవాడు ముందు తన గాయం విప్పి చూపించాలి, ఆ తర్వాతే మైకు. అది అతను కట్టే ప్రవేశ రుసుము. ఆ రుసుముతో ఛానల్ రేటింగులు సంపాదిస్తుంది. సమాజం దాంతో తన మనస్సాక్షిని జోకొడుతుంది.

కొరియన్లు దీన్ని 'సాయన్' అంటారు. మామూలు మాటల్లో అంటే మనిషి వెనకున్న కథ. టీవీలో మాత్రం ఆ మాటకు అర్థం ఒక్కటే, కష్టాల కథ. అద్దె గది, పోయిన నాన్న, ముసలి నాయనమ్మ, మెల్లగా మొదలయ్యే పియానో. దీని మీద విసుగుతో అక్కడి జనమే 'సాయన్ అమ్ముకోవడం' అనే మాట పుట్టించారు. కానీ ఆ మాట ఎప్పుడూ పోటీదారుడినే తిడుతుంది. అమ్మకానికి పెట్టినవాడిని, అమ్మి లాభం తీసినవాడిని కాదు.

2010 శరదృతువుకు వెళ్దాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. ఎమ్‌నెట్ ఛానల్‌లో 'సూపర్‌స్టార్ కె' పాటల పోటీ రెండో సీజన్. 13 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఫైనల్‌కు ఇద్దరు మిగిలారు. ఒకరు హో గాక్. మిడిల్ స్కూలుతో చదువు ఆగిపోయింది, తల్లిదండ్రులు విడిపోయారు, వెంటిలేటర్ ఫ్యాన్లు బాగుచేస్తూ బతికాడు. ఇంకొకరు జాన్ పార్క్. అమెరికాలో పెరిగాడు, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ విద్యార్థి, పొడగరి, అందగాడు, అప్పటికే 'అమెరికన్ ఐడల్'లో కనిపించి వచ్చినవాడు. అక్టోబర్‌లో హో గాక్ గెలిచాడు. గొప్ప గొంతు, గెలవాల్సినవాడే. దాని మీద నాకు ఏ పేచీ లేదు.

కానీ ఆ శరదృతువులోనే కొరియాలో ఇంకా ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆగస్టు 15న అధ్యక్షుడు లీ మ్యుంగ్‌బాక్ 'న్యాయమైన సమాజం' అనే నినాదం ఇచ్చాడు. మూడు వారాలు తిరక్కుండానే విదేశాంగ మంత్రి యూ మ్యుంగ్‌హ్వాన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. కారణం, ఆయన సొంత శాఖలోనే ఆయన కూతురికి ప్రత్యేక నియామకంలో ఉద్యోగం వచ్చింది. యువత మండిపడింది. చదువులు, పరీక్షలు, ఇంటర్వ్యూలు మాకేనా, మంత్రిగారి అమ్మాయికి కాదా అని. సరిగ్గా ఆ గాయం పచ్చిగా ఉన్నప్పుడే ఫ్యాన్లు బాగుచేసే కుర్రాడు అమెరికా కుర్రాడిని ఓడించాడు. న్యాయమైన సమాజం ఇదిగో అని పత్రికలు రాసేశాయి.

ఏది న్యాయం? ఒక పాటల పోటీలో ఒక్కడు గెలిస్తే మంత్రిత్వ శాఖలో నియామకాలు మారతాయా? అతనితో పాటు ఫ్యాన్లు బాగుచేసినవాళ్ల జీతం పెరిగిందా? దేశం చేయాల్సిన పనిని ఒక గొంతు మీద పెట్టారు, అది పాడింది, జనం ఓటు వేశారు, లెక్క సరిపోయిందనుకున్నారు. ఒక్కడు పైకి వెళ్లిన దృశ్యం మిగతా 13 లక్షల మందికి 'నీలో లోపం ఉంది కాబట్టే నువ్వు వెళ్లలేదు' అని చెప్పడానికి పనికొస్తుంది. కష్టాల కథ అసలు చేసే పని అదే.

రెండేళ్ల తర్వాత, 2012లో, అదే పోటీ రాయ్ కిమ్ గెలిచాడు. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ విద్యార్థి, కలిగిన కుటుంబం. కొరియాలో ఇలాంటివాళ్లకు ఒక పేరుంది, 'ఓమ్‌చినా', అంటే అమ్మ స్నేహితురాలి కొడుకు. మన ఇళ్లలో 'పక్కింటి వాళ్లబ్బాయిని చూసి నేర్చుకో' అంటారే, ఆ పక్కింటి అబ్బాయే. చదువులో ఫస్టు, రూపంలో ఫస్టు, ఇల్లు మంచిది. రాయ్ కిమ్ చుట్టూ ప్రచారమంతా ఈ మాట మీదే నడిచింది. అతన్ని ఏ గాయమూ చూపించమని ఎవరూ అడగలేదు. అతని కలిమే అతని ఆకర్షణ. ఒకే వేదిక మీద ఒకరికి లేమి టికెట్టు, ఇంకొకరికి కలిమి అలంకారం. ఎవరి స్థానం వాళ్లకు ముందే గీసి ఉంది. అందుకే ఈ షోలు వర్గ భేదాన్ని చెరిపేస్తున్నాయంటే నాకు మింగుడుపడదు. చెరపడం లేదు, అందంగా లైట్లు వేసి చూపిస్తున్నాయి.

ఈ వ్యాపారం చూసేవాడిని కూడా పాడుచేస్తుంది. 2011లో ఉలాలా సెషన్ బృందం 'సూపర్‌స్టార్ కె' గెలిచింది. నాయకుడు లిమ్ యూన్‌టెక్ కడుపు క్యాన్సర్‌తో పోరాడుతూనే వేదిక మీద ఎగిరి ఆడాడు. అంత హుషారుగా ఉన్నాడంటే జబ్బు నిజం కాదని ఆన్‌లైన్‌లో కొందరు రాశారు. ఏడాదికి పైగా రాశారు. 2013 ఫిబ్రవరిలో అతను చనిపోయాడు. అప్పుడు గానీ వాళ్లకు నమ్మకం కుదరలేదు.

ఇక చోయ్ సంగ్‌బాంగ్. పదేళ్ల తర్వాత తనకు క్యాన్సర్ అని చెప్పుకున్నాడు, ఆసుపత్రి దుస్తుల్లో ఫొటోలు పెట్టాడు, ఆల్బమ్ కోసం విరాళాలు తీసుకున్నాడు. 2021లో అది అబద్ధమని తేలింది, ఒప్పుకున్నాడు. 2023 జూన్‌లో, 33 ఏళ్లకే, అతను ఈ లోకంలో లేడు. జబ్బు పేరు చెప్పి జనం డబ్బు తీసుకోవడం తప్పు, దాన్ని నేను సమర్థించను. కానీ అతనికి ఈ పాఠం నేర్పింది ఎవరు? ఇరవై రెండేళ్ల వయసులో దేశమంతా ఒక విషయం అతనికి స్పష్టంగా చెప్పింది. నీ గొంతుకు ఇంత విలువ, నీ గాయానికి దానికి వంద రెట్లు అని. ఆ గాయం పాతబడింది, ఫోన్లు రావడం తగ్గాయి. నిజమైన క్యాన్సర్‌ను అనుమానించి, లేని క్యాన్సర్‌ను నమ్మిన ప్రేక్షకులు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లను ఇన్‌స్పెక్టర్లను చేశారు. ఎదుటివాడి బాధ అసలుదా నకిలీదా అని తూకం వేసే పని అప్పగించారు. ఆ పని ఎవరికిచ్చినా మనసు మొద్దుబారుతుంది.

బాధ ఒక్కటి ఉన్నా చాలదు, దాంతో పాటు బుద్ధిమంతుడై కూడా ఉండాలి. ట్రాట్ పాటల పోటీలు చూడండి. ట్రాట్ అంటే పాత తరం కొరియన్లు ప్రాణంగా చూసుకునే పాత తరహా పాట. 2020లో 'మిస్టర్ ట్రాట్' ఫైనల్‌కు 35 శాతం దాటిన రేటింగ్, 77 లక్షలకు పైగా ఓట్లు. లెక్కింపు తెమలక విజేత పేరు రెండు రోజులు ఆలస్యమైంది. గెలిచిన లిమ్ యంగ్‌వూంగ్‌ను చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి సెలూన్ నడిపి పెంచింది. చలికాలంలో వీధిలో కాల్చిన చిలగడదుంపలు అమ్మినవాడు. 'మిస్ ట్రాట్' రెండో సీజన్ గెలిచిన యాంగ్ జియన్ తండ్రికి కిడ్నీ ఇచ్చిన కూతురు. ఇద్దరూ అద్భుతంగా పాడతారు. అయినా వాళ్ల గురించి చెప్పమంటే ఎక్కువమంది నోట ముందు వచ్చేది తల్లి, తండ్రి, కిడ్నీ. ఓపిక పట్టిన పేదవాడు, తల్లిదండ్రులకు తలవంచిన పేదవాడు, ఎవరి మీదా కోపం లేని పేదవాడు కావాలి. ఇంటి యజమాని మీద కేసు వేసినవాడు, సమ్మెలో పాల్గొని ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఆ పియానో వెనుక ఎప్పుడైనా కనిపించాడా? పేదరికం వర్షంలా ఆకాశం నుంచి పడ్డట్టు చూపిస్తారు. ఎవరి చేతా కాదు, ఏ విధానం వల్లా కాదు.

దీనికి జవాబు ఉంది, విన్నాను. పాట ఊరికే గాలిలోంచి రాదు, బతుకులోంచి వస్తుంది, ఆ బతుకు తెలిస్తే పాట ఇంకా లోతుగా తాకుతుంది అంటారు. పైగా ఈ షోలే లేకపోతే హో గాక్‌ను ఎవరు వినేవారు, ఏ కంపెనీ పిలిచేది అంటారు. అందులో నిజం ఉంది. హో గాక్‌కు దారి తెరిచింది ఆ షోనే. బెక్ చంగ్‌గాంగ్ లాంటి యాన్‌బియన్ కుర్రాడు, చైనాలో పుట్టిన కొరియన్ జాతివాడు, 2011లో ఎమ్‌బీసీ ఛానల్ పాటల పోటీ గెలవడం చిన్న విషయమేం కాదు. యాన్‌బియన్ నుంచి వచ్చేవాళ్లను కొరియాలో హోటల్ పనికి, కట్టడాల పనికి తప్ప చూడని రోజులవి. కానీ ఎవరైనా తన కథ తాను ఇష్టపడి చెప్పుకోవడం వేరు, చెప్పకపోతే తెర మీద నిమిషం కూడా దొరకదని తెలిసి చెప్పడం వేరు.

పైగా ఆ తలుపు నిజంగా తెరిచే ఉందా? ప్రేక్షకుల ఓట్లతో పాప్ బృందాన్ని ఎంపిక చేసే 'ప్రొడ్యూస్ 101' సంగతి చూశాం కదా. 2019లో నాలుగో సీజన్ ఫైనల్ అయ్యాక అభిమానులు ఓట్ల పట్టిక పట్టుకుని కూర్చున్నారు. ఒక స్థానానికి, తర్వాతి స్థానానికి మధ్య తేడా 29,978. ఇంకో చోటా అదే 29,978. మళ్లీ అదే. తవ్వితే నాలుగు సీజన్లలోనూ తారుమారు బయటపడింది. నిర్మాత ఆన్ జూన్‌యంగ్‌కు పడిన రెండేళ్ల జైలు శిక్షను 2021లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఏజెన్సీలవాళ్లు అతన్ని బార్లకు తీసుకెళ్లి మర్యాదలు చేసిన సంగతీ కోర్టులో తేలింది. ఓటు వేసే ప్రతి ఒక్కరినీ 'జాతీయ నిర్మాత' అని పిలిచిన షో ఇది. గాయాలు చూపించిన పిల్లలు వేదిక మీద ఏడుస్తుంటే ఫలితం ఇంకో గదిలో రాసి ఉంది.

కొరియా యువతకు ఇది కొత్త కాదు. 'డబ్బు కూడా ప్రతిభే, లేకపోతే మీ అమ్మానాన్నల్ని తిట్టుకోండి' అని అప్పటి అధ్యక్షురాలు పార్క్ గున్‌హే సన్నిహితురాలి కూతురు చుంగ్ యూరా రాసిన పోస్టు 2016లో బయటికి వచ్చినప్పుడు నిరసనలతో వీధులు నిండిపోవడానికి అదీ ఒక కారణం. అప్పటికే ఆ తరం మనుషుల్ని చెంచాలతో కొలవడం మొదలుపెట్టింది. బంగారు చెంచాతో పుట్టినవాడు, మట్టి చెంచాతో పుట్టినవాడు. మనం 'మట్టిలో మాణిక్యం' అన్నప్పుడు మాణిక్యం మీద ఆశ ఉంటుంది. వాళ్ల మాటలో మట్టి ఒక్కటే మిగిలింది.

మనవాళ్లు చాలామంది నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన వంటల పోటీ 'కలినరీ క్లాస్ వార్స్' ఈ చెంచాల మీదే నిలబడింది. 2024లో వచ్చిన తొలి సీజన్‌లో పేరున్న 20 మంది తెల్ల చెంచాలు, పేరు లేని 80 మంది నల్ల చెంచాలు. కొరియన్‌లో 'నల్ల చెంచా', 'మట్టి చెంచా' అన్న మాటలు పలకడానికి ఒకేలా ఉంటాయి. ఫైనల్‌కు చేరేదాకా నల్ల చెంచాలకు సొంత పేరు చెప్పుకునే హక్కు కూడా లేదు. కానీ ఈ షో ఒక్క చోట నన్ను ఆపింది. రెండో రౌండ్‌లో జడ్జిల కళ్లకు గంతలు కట్టి తినిపించారు. స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి వండిపెట్టిన ఒకావిడ మొదటి రౌండ్‌లో స్కూలు భోజనం పళ్లెమే పెట్టి ముందుకు వెళ్లింది. ఆ పళ్లెం రుచిగా ఉంది, అంతే. ఆమె ఏడవాల్సిన అవసరం రాలేదు. చివరికి గెలిచిన క్వాన్ సంగ్‌జున్ కూడా నల్ల చెంచానే. గంతలు కట్టడం ఇంత తేలికైనప్పుడు చాలా పాటల పోటీల్లో ఎందుకు కట్టరు? కడితే రేటింగ్ ఉండదని వాళ్ల భయం.

ఇంత ఆవేశం ఒక టీవీ షో మీద ఎందుకంటే, ఈ అలవాటు టీవీ దగ్గర ఆగదు. ప్రభుత్వ ఆఫీసు కూడా ఇదే అడుగుతుంది. కొరియాలో పేదలకు ఇచ్చే జీవన భృతికి 2000 నుంచి ఒక షరతు ఉండేది. నిన్ను పోషించగల కుటుంబ సభ్యులు ఎవరూ లేరని చూపించాలి. ఎక్కడో కొడుకున్నా, ఏళ్లుగా మొహం చూడకపోయినా, అతని సంపాదన నీ లెక్కలోకి వస్తుంది. కాదంటే ఆ బంధం తెగిపోయిందని, ఎందుకు తెగిందో, ఎప్పుడు తెగిందో కాగితం మీద వివరించాలి. డెబ్భై ఏళ్ల మనిషి కౌంటర్ ముందు కూర్చుని కొడుకు తనను ఎలా వదిలేశాడో రాయాలి. అది సాయన్ కాకపోతే ఏమిటి? అక్కడా ఎదురుగా ఒక జడ్జి ఉన్నాడు, బాధ సరిపోయిందో లేదో చూస్తున్నాడు. జీవన భృతికి ఈ షరతు చాలావరకు పోయింది 2021 అక్టోబర్‌లో. వైద్య సాయానికి ఇంకా పూర్తిగా పోలేదు.

2014 ఫిబ్రవరిలో సియోల్‌లోని సోంగ్‌పాలో ఒక తల్లి, ఇద్దరు కూతుళ్లు ప్రాణాలు తీసుకున్నారు. తల్లి హోటల్లో పని చేసేది, చేతికి దెబ్బ తగిలి పని ఆగిపోయింది. పెద్ద కూతురికి దీర్ఘకాలిక జబ్బు. ప్రభుత్వ భృతి అందలేదు. వాళ్ల కథ ఏ వేదికా వినలేదు. ఏ ఆఫీసులోనూ వాళ్ల బాధ నిరూపణ కాలేదు. ఒక కవరులో 7 లక్షల వోన్లు పెట్టి ఇంటి యజమానురాలికి రెండు ముక్కలు రాశారు. అందులో చేతి దెబ్బ లేదు, జబ్బు లేదు, ఆకలి లేదు. 'క్షమించండి. ఇది చివరి అద్దె, బిల్లుల డబ్బు. నిజంగా క్షమించండి' అని ఉంది.